గంట మోగకముందు పావ్లోవ్

పావ్లోవ్ అనగానే మనలో చాలామందికి ఒకటే బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. గంట మోగుతుంది, కుక్క నోట్లో నీళ్లూరతాయి. బైపీసీ చదివినవాళ్లకి అదొక పేరాగ్రాఫ్, మాలాంటి ఎంపీసీ వాళ్లకి ఒక మీమ్. ఆయనకి నోబెల్ బహుమతి కూడా ఆ గంటకే వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. నిజానికి 1904లో ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్‌కి నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. తిన్నది కడుపులో ఎలా అరుగుతుంది, ఆ పని మొత్తాన్ని ఎవరు నడిపిస్తారు అన్న ప్రశ్నకి. ఇంకో సంగతి ఏంటంటే, ఆయన ల్యాబ్‌లో గంట వాడింది చాలా తక్కువ. ఎక్కువగా వాడింది మెట్రోనోమ్. సంగీతం నేర్చుకునేవాళ్లు తాళం తప్పకుండా ఉండటానికి పెట్టుకునే టిక్ టిక్ మిషన్ అది.

నాకు మాత్రం ఆ గంట కథ కంటే ముందున్న పావ్లోవ్ ఎక్కువ నచ్చాడు. తినాలన్న కోరిక పొట్టలో మొదలవుతుందా, మెదడులో మొదలవుతుందా? ఈ ప్రశ్నని మాటలతో కాకుండా ప్రయోగంతో తేల్చడానికి కూర్చున్నవాడు ఆయన. సగం జవాబు ఆయనే కనిపెట్టాడు. మిగతా సగం వేరేవాళ్లు కనిపెడితే ఏం చేశాడన్నదే నేను చెప్పాలనుకున్న అసలు కథ.

పావ్లోవ్ 1849లో రష్యాలోని ర్యాజాన్ అనే ఊళ్లో పుట్టాడు. నాన్న చర్చి పూజారి. ఇంటినిండా పిల్లలు, ఈయనే పెద్దవాడు. చిన్నప్పుడు ఎత్తు మీద నుంచి పడి గట్టి దెబ్బ తగలడంతో పదకొండో ఏడు వచ్చేదాకా బడికి వెళ్లడం కుదరలేదు. తర్వాత చేరింది కూడా మతం చదువులు చెప్పే స్కూల్లోనే. పూజారి కొడుకు పూజారి అవ్వాలి, అది అక్కడి లెక్క. మన ఇళ్లలో అందరూ ఇంజనీరింగే చదవాలన్నట్టు అనుకోండి.

కానీ 1860ల రష్యా కుదురుగా లేదు. కొత్త పుస్తకాలు, కొత్త వాదనలు. డార్విన్ గురించి పత్రికల్లో రాస్తున్నారు. సెచెనోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1863లో మెదడు రిఫ్లెక్సుల మీద ఒక రచన ప్రచురించాడు. మనం ఆలోచన అనుకునేది కూడా చివరికి నరాల్లో జరిగే పనేనని అందులో వాదన. చర్చి స్కూల్లో చదివే కుర్రాడికి అది చిన్న విషయం కాదు. 1870లో ఆ చదువు మధ్యలో వదిలేసి సెంట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీకి సైన్స్ చదవడానికి వెళ్లిపోయాడు.

అక్కడ త్సియోన్ అనే ప్రొఫెసర్ దగ్గర ఆపరేషన్ చేయడం నేర్చుకున్నాడు. రెండు చేతులతోనూ కత్తి పట్టగలిగే నేర్పు ఈయనది. క్లోమానికి వెళ్లే నరాల మీద చేసిన పనికి యూనివర్సిటీలో గోల్డ్ మెడల్ వచ్చింది. తర్వాత మెడిసిన్ కూడా చదివి 1879లో పూర్తి చేశాడు. బోత్కిన్ అనే పేరున్న డాక్టర్ తన క్లినిక్‌లో ఉన్న చిన్న ల్యాబ్‌ని ఈయన చేతిలో పెట్టాడు. ఒంట్లో జరిగే పనులన్నీ దాదాపు నరాల చేతిలోనే ఉంటాయని బోత్కిన్ నమ్మకం. ఆ నమ్మకం పావ్లోవ్‌కి కూడా పట్టుకుంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1881లో సెరఫీమా అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె టీచర్ చదువు చదివింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లు కటిక పేదరికం. మొదటి బిడ్డ పసితనంలోనే పోయాడు. ఒకసారి ఈయన అవస్థ చూడలేక స్టూడెంట్స్ లెక్చర్లు చెప్పించుకునే వంకతో కొంత డబ్బు పోగుచేసి ఇచ్చారట. ఆ డబ్బు పెట్టి ఈయన ప్రయోగాలకి కుక్కల్ని కొన్నాడు, ఇంటికి పైసా రాలేదు. ఇది చదివి గొప్ప అంకితభావం అని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకైతే సెరఫీమా వైపు నుంచి కూడా ఎవరైనా రాస్తే బాగుండు అనిపించింది.

1890లో మిలటరీ మెడికల్ అకాడమీలో ప్రొఫెసర్ పోస్టు వచ్చింది. మరుసటి ఏడు కొత్తగా పెట్టిన ప్రయోగ వైద్య సంస్థలో ఫిజియాలజీ విభాగానికి హెడ్ అయ్యాడు. అప్పటికి నలభై దాటాయి. అసలు జీవితం అక్కడ మొదలైంది.

అప్పటిదాకా జంతువుల మీద ప్రయోగం అంటే బల్ల మీద కోసి, అది చచ్చిపోయేలోపు చూసిందే చూడటం. పావ్లోవ్‌కి అది నచ్చలేదు. నొప్పితో, రక్తం పోతూ ఉన్న జంతువులో మామూలు జీర్ణక్రియ ఏం కనిపిస్తుంది? మన భాషలో చెప్పాలంటే క్రాష్ అయిన ప్రోగ్రాం చూసి అది మామూలుగా ఎలా నడుస్తుందో చెప్పడం లాంటిది. ఆయన నడుస్తున్న ప్రోగ్రాంకి లాగ్ పెట్టాలనుకున్నాడు. శుభ్రమైన ఆపరేషన్ థియేటర్‌లో కుక్కకి ఆపరేషన్ చేసి, కడుపు నుంచి బయటికి ఒక చిన్న గొట్టం పెట్టి, గాయం మానేదాకా ఆగి, ఆ కుక్క ఆరోగ్యంగా తిని తిరుగుతున్నప్పుడు లోపల ఏం ఊరుతుందో గొట్టంలోంచి పట్టి కొలిచేవాడు. ఎన్ని నిమిషాలకి, ఎంత, ఎంత పులుపు, అన్నీ లెక్కే.

వీటన్నిటిలో నన్ను ఆపేసిన ప్రయోగం 1889లో షుమోవా సిమనోవ్‌స్కయా అనే మహిళా డాక్టర్‌తో కలిసి చేసింది. కుక్క కడుపుకి గొట్టం పెట్టడంతో పాటు మెడ దగ్గర అన్నవాహికని కోసి, ఆ చివరల్ని బయటికి తెరిచి కుట్టారు. కుక్క మాంసం నములుతుంది, మింగుతుంది, కానీ మింగింది మెడ దగ్గర నుంచే కింద గిన్నెలో పడిపోతుంది. కడుపులోకి ఒక్క ముక్క కూడా చేరదు. అది అలా తింటూనే ఉంటుంది. అయినా ఐదు నిమిషాలు గడిచేసరికి ఖాళీ కడుపులోంచి స్వచ్ఛమైన జఠర రసం ధారగా కారడం మొదలైంది.

అంటే కడుపుకి తిండి తగలకుండానే కడుపు పని మొదలుపెట్టింది. మరి కబురు ఎవరు పంపారు? మెదడు నుంచి కిందికి దిగే వేగస్ అనే నరాలు రెండుంటాయి, కుడి ఒకటి ఎడమ ఒకటి. వాటిని తెంపేశాక అదే కుక్క అంతే ఇష్టంగా తిన్నా రసం రాలేదు. లైన్ కట్ అయింది, మెసేజ్ ఆగింది.

తర్వాత దీన్ని తిరగేసి కూడా చూశాడు. కుక్క చూడకుండా, వాసన తెలియకుండా, గొట్టం ద్వారా మాంసం నేరుగా కడుపులో పెడితే అది చాలా నెమ్మదిగా అరిగింది. అదే కుక్కకి నమిలి మింగే ఛాన్స్ ఇస్తే త్వరగా అరిగింది. తిండి అదే, కడుపు అదే. తేడా అల్లా ఇష్టంగా తిన్నానన్న సంగతి మెదడుకి తెలియడం, తెలియకపోవడం.

1894లో ఇంకా కష్టమైన ఆపరేషన్ ఒకటి చేశాడు. కడుపులో ఒక మూలని విడదీసి, దాని నరాలు తెగకుండా, చిన్న సంచిలా కుట్టాడు. పెద్ద కడుపులో తిండి అరుగుతుంటే పక్కనే ఉన్న ఈ చిన్న కడుపులో తిండి కలవని రసం ఊరుతుంది. అంతకుముందు జర్మనీలో హైడెన్‌హైన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి సంచి చేశాడు, పావ్లోవ్ ఆయన దగ్గర కొన్నాళ్లు పనిచేశాడు కూడా. కాకపోతే ఆ సంచిలో నరాలు తెగిపోయేవి. నరం ఉండాల్సిందేనన్నది పావ్లోవ్ పట్టు. చాలా కుక్కలు చనిపోయాక ఒకటి బతికింది. దాని పేరు ద్రుజోక్. రష్యన్‌లో చిన్ని నేస్తం అని అర్థం.

మన తెలుగులో ఆకలి వేరు, నోరూరడం వేరు. కడుపు నిండా భోజనం చేసి లేచాక కూడా మిర్చి బజ్జీ వాసన వస్తే నోరూరుతుంది. అది ఆకలి కాదని మనకి తెలుసు. పావ్లోవ్ పట్టుకున్నది సరిగ్గా ఈ రెండోదాన్నే. తినాలన్న కోరికే జీర్ణక్రియకి మొదటి స్విచ్ అని, అది మనసులో ఉండే గాలి మాట కాదని, మిల్లీలీటర్లలో కొలవగలిగే విషయమని చూపించాడు. 1897లో ఈ పనంతా కలిపి పుస్తకంగా వేశాడు. అది యూరప్ భాషల్లోకి వెళ్లింది, పేరొచ్చింది.

డబ్బు కూడా వచ్చింది, అదీ ఒక వింత దారిలో. పైన చెప్పిన పద్ధతిలో కుక్కల నుంచి తీసిన జఠర రసాన్ని శుభ్రం చేసి సీసాల్లో పోసి, అరుగుదల సరిగా లేని మనుషులకి మందుగా అమ్మేవారు. ఏడాదికి వేల సీసాలు పోయేవి. ల్యాబ్ ఖర్చుల్లో పెద్ద భాగం ఆ అమ్మకాల నుంచే వచ్చేది. ఒక బల్ల ముందు వరసగా నిలబడి, ఎంత తిన్నా కడుపు నిండని కుక్కలు. వాటి రసం తాగి అన్నం అరిగించుకునే మనుషులు. నేను ఈ ముక్క చదివి చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఇప్పుడు 1902కి వద్దాం. కడుపులోని పులుపు చిన్నపేగు మొదటి భాగానికి తగలగానే క్లోమం తన రసం వదులుతుందని పావ్లోవ్ ల్యాబ్ అప్పటికే చూపించింది. ఇది నరాల ద్వారా జరిగే రిఫ్లెక్స్ అని వాళ్ల వివరణ. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అని ఇద్దరు ఉండేవాళ్లు. స్టార్లింగ్ చెల్లెల్ని బేలిస్ పెళ్లి చేసుకున్నాడు, కాబట్టి బావా బావమరుదులు. వాళ్లు ఒక కుక్క పేగులో కొంత భాగానికి నరాలన్నీ తెంపేసి, రక్తనాళాలు మాత్రం ఉంచి, అక్కడ యాసిడ్ వేశారు. నరాల సిద్ధాంతం ప్రకారం ఏమీ జరగకూడదు. క్లోమం మామూలుగానే రసం వదిలింది. వెంటనే ఆ పేగు లోపలి పొరని గీరి, యాసిడ్‌తో నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కించారు. మళ్లీ రసం వచ్చింది. అంటే కబురు నరంలో కాదు, రక్తంలో కొట్టుకుపోతోంది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి వాటన్నిటికీ కలిపి హార్మోన్ అనే మాటని స్టార్లింగ్ 1905లో వాడాడు.

నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ చదివినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. నరం అంటే ఇక్కడి నుంచి అక్కడికి వేసిన కేబుల్. హార్మోన్ అంటే బ్రాడ్‌కాస్ట్. అందరికీ వినిపిస్తుంది, కానీ ఎవరి దగ్గర రిసీవర్ ఉందో వాళ్లే స్పందిస్తారు. పావ్లోవ్ జీవితమంతా కేబుల్స్ గురించి పనిచేశాడు. ఇప్పుడు లండన్ నుంచి ఇద్దరొచ్చి, ఆయన సొంత ఏరియాలో, ఆయనకి ఇష్టమైన గ్రంథిలోనే, ఇక్కడ కేబుల్ అక్కర్లేదని చూపించారు.

పావ్లోవ్‌కి ముక్కు మీద కోపం. ఆపరేషన్ మధ్యలో అసిస్టెంట్లని తిట్టడం, మరుక్షణం మర్చిపోవడం ఆయన అలవాటు. కాబట్టి ఆయన కేకలు వేస్తాడనుకోవచ్చు. ఆయన శిష్యులు తర్వాత చెప్పిన కథ వేరే. ఆ ప్రయోగాన్ని తన ల్యాబ్‌లోనే మళ్లీ చేయించాడు. అందరూ చుట్టూ నిలబడి చూశారు. రసం కారింది. పావ్లోవ్ ఏమీ మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అరగంట తర్వాత బయటికొచ్చి, లండన్ వాళ్లు చెప్పిందే కరెక్ట్ అని, నిజాన్ని కనిపెట్టే హక్కు మనం ఒక్కరమే రాయించుకోలేదు కదా అని ఒప్పుకున్నాడట. రెండేళ్లకి నోబెల్ తీసుకున్నది ఈ మనిషే.

ఆ తర్వాత ఆయన జీర్ణక్రియ పని నుంచి మెల్లగా పక్కకి జరిగాడు. తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకి లాలాజలం రావడం అప్పటిదాకా ప్రయోగానికి అడ్డంగా ఉండేది. దాన్నే ఇప్పుడు ప్రశ్నగా మార్చుకున్నాడు. మనకి తెలిసిన ఆ రిఫ్లెక్సుల కథ అక్కడి నుంచి ముప్పై ఏళ్లు నడిచింది. దాని గురించి చాలామంది రాశారు, నేను ఇక్కడ ఆపేస్తాను.

ఆకలి మీద పనిచేసిన మనిషికి ఆకలి ఎదురుగా వచ్చి కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి. 1917 విప్లవం తర్వాత సివిల్ వార్, కరువు. నోబెల్ డబ్బు పోయింది. ఆ రోజుల్లోనే ఒక కొడుకు చనిపోయాడు. ల్యాబ్‌లో కరెంటు లేదు, వేడి లేదు, కుక్కలు తిండి లేక చచ్చిపోయాయి. డెబ్భై ఏళ్ల ప్రొఫెసర్ సంస్థ ఆవరణలోనే కూరగాయలు పండించుకున్నాడు. దేశం వదిలి వెళ్తానని 1920లో ప్రభుత్వానికి రాశాడు. ఇంత పేరున్న మనిషి వెళ్లిపోతే పరువు పోతుందని 1921 జనవరిలో లెనిన్ సంతకంతో ప్రత్యేకంగా ఆర్డర్ వచ్చింది. ఆయనకి, భార్యకి స్పెషల్ రేషన్, ల్యాబ్‌కి కావాల్సినవన్నీ. తనతో పనిచేసేవాళ్లకి లేనిది తనొక్కడికే వద్దని పావ్లోవ్ అన్నాడని చెబుతారు. ఆయన దేశంలోనే ఉండిపోయాడు గానీ నోరు మూసుకోలేదు. పూజారుల పిల్లల్ని కాలేజీల నుంచి తీసేస్తున్నప్పుడు తనూ పూజారి కొడుకునేనని గుర్తుచేసి 1924లో అకాడమీ ప్రొఫెసర్ పదవి వదిలేశాడు.

ఇక పావ్లోవ్ వదిలేసిన ప్రశ్న ఎక్కడికి వెళ్లిందో చెప్పాలి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. 1951లో అమెరికాలోని యేల్‌లో బాల్ కృషన్ ఆనంద్ అనే మన దేశపు డాక్టర్, బ్రోబెక్ అనే ప్రొఫెసర్‌తో కలిసి ఎలుకల్లో ఆ భాగానికి రెండు పక్కలా ఉన్న చిన్న చోటుని దెబ్బతీసి చూశాడు. ఎదురుగా తిండి ఉన్నా అవి తినడం మానేశాయి. ఆనంద్ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగాన్ని కట్టాడు. 1994లో లెప్టిన్ దొరికింది. ఒంట్లో ఎంత కొవ్వు దాచి ఉందో ఆ కొవ్వు కణాలే మెదడుకి పంపే బ్రాడ్‌కాస్ట్ అది. 1999లో గ్రెలిన్ దొరికింది. ఖాళీ కడుపు పంపే కబురు అది. పేగుల నుంచి వచ్చే జీఎల్‌పీ-1 కూడా ఇలాంటిదే, ఇప్పుడు అందరూ మాట్లాడుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు దాన్ని అనుకరించేవే. వేగస్ నరంలో కూడా ఎక్కువ తీగలు కింది నుంచి పైకి, అంటే పొట్ట నుంచి మెదడుకి కబుర్లు మోసేవేనని తేలింది. కేబులూ ఉంది, బ్రాడ్‌కాస్టూ ఉంది, రెండూ ఒకే చోట కలుస్తాయి.

1997లో ఇంగ్లండ్‌లో లెప్టిన్ అసలు తయారుకాని ఇద్దరు పిల్లల గురించి ఒక పేపర్ వచ్చింది. కొవ్వు ఎంత ఉన్నా కబురు వెళ్లదు కాబట్టి వాళ్ల మెదడు దృష్టిలో వాళ్లు ఎప్పుడూ కరువులోనే ఉన్నారు. తినడం ఆపలేకపోయేవాళ్లు. వాళ్లలో ఒకరికి లెప్టిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక ఆ ఆకలి తగ్గింది, బరువూ తగ్గింది. ఆ బిడ్డని ఎవరూ తిట్టి మార్చలేదు, లేని అణువుని తెచ్చి ఇచ్చారు.

ఇది చదివినప్పుడు నాకు మా అక్క గుర్తొచ్చింది. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒక అత్తయ్య ప్లేటు వైపు చూసి, కాస్త నోరు కట్టుకోవే అంటుంది. అక్క నిజంగానే కట్టుకుంది. నెలల తరబడి రాత్రి అన్నం మానేసింది, బరువు తగ్గింది, ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చేసింది. ఇప్పుడు ఫంక్షన్లకి రావడమే మానేసింది. బరువు తగ్గినప్పుడు లెప్టిన్ కూడా పడిపోతుంది, మెదడు దాన్ని కరువుగా లెక్కేసి ఆకలి గొంతు పెంచుతుంది. అక్కకి ఉన్నది లెప్టిన్ జబ్బు కాదు, అలాంటివి చాలా అరుదు. మనం ఏం తింటాం, ఎంత నడుస్తాం అన్నదాంట్లో మన చేతిలో ఏమీ లేదని కూడా నేననను. కానీ నోరు కట్టుకో అని చెప్పేవాళ్లు తాళం వేస్తున్నది తప్పు తలుపుకి. నోరు చివర్లో ఉంది. మాట పైన నడుస్తోంది, కొంత నరాల్లో, కొంత రక్తంలో. బలహీనత అని మనం పేరు పెట్టిన దాంట్లో చాలా భాగం ఒంట్లోని కెమిస్ట్రీ తన డ్యూటీ తను చేయడమే.

పావ్లోవ్ 1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో చనిపోయాడు. ఎనభై ఆరేళ్లు. అంతకు ముందు ఏడాదే సంస్థ తోటలో కుక్కకి ఒక స్మారకం కట్టించారు. పైన కుక్క విగ్రహం, చుట్టూ ల్యాబ్ దృశ్యాలు చెక్కిన పలకలు, అదొక ఫౌంటెన్. ఇప్పటికీ సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. ద్రుజోక్ లాంటి వాటికి ఆ రాయి సరిపోతుందా అంటే నాకు తెలియదు. మన ఆకలి గురించి మనకి తెలిసిన మొదటి సంగతులు మాత్రం వాటి దగ్గర నుంచే వచ్చాయి.